వెనక నుంచి కొట్టకూడదు

మా బ్రాంచ్‌లో కోడ్ అంటే రాసేది. ఐస్ హాకీ వాళ్లకి కోడ్ అంటే ఎక్కడా రాయనిది. ఒక రాత్రి యూట్యూబ్‌లో పాత మ్యాచ్ చూస్తుంటే ఇద్దరు ఆటగాళ్లు కర్రలు, గ్లౌజులు కింద పడేసి గుద్దుకుంటున్నారు, రిఫరీలేమో పక్కన నిలబడి చూస్తున్నారు! ఒకడు పడిపోయాకే వెళ్లి విడదీశారు. చెరో ఐదు నిమిషాలు బయట కూర్చోవాలి, అంతే. అది రూల్‌బుక్‌లో ఉన్న శిక్ష. మిగతాదంతా వాళ్లలో వాళ్లు పాటించేదే. ఎదుటివాడు కూడా సిద్ధపడితేనే కొట్లాట. చేతిలో కర్ర ఉండకూడదు. పడ్డవాణ్ణి కొట్టకూడదు. వెనక నుంచి అసలే కొట్టకూడదు.

ఈ చివరిది తప్పినవాళ్ల గురించి వెతికితే ఎడ్డీ షోర్ దొరికాడు.

1902లో కెనడాలోని సస్కాచెవాన్‌లో పుట్టాడు. 1926లో బోస్టన్ బ్రూయిన్స్‌లో చేరాడు. డిఫెన్స్‌లో ఆడుతూ కూడా లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ నాలుగుసార్లు గెలిచాడు. కోపం కూడా ఆ లెవెల్లోనే ఉండేది.

1933 డిసెంబర్ 12న బోస్టన్‌లో టొరంటో మేపుల్ లీఫ్స్‌తో మ్యాచ్. టొరంటో వాళ్లలో ఒకడు షోర్‌ని పడగొట్టాడు. షోర్ లేచి, వెనక నుంచి వెళ్లి ఏస్ బెయిలీని గుద్దేశాడు. పడగొట్టింది బెయిలీ కాదు, షోర్ మనిషిని పొరపాటు పడ్డాడనే ఎక్కువమంది రాశారు. అప్పట్లో హెల్మెట్లు పెట్టుకునేవాళ్లు కాదు. బెయిలీ తల ఐస్‌కి తగిలి పుర్రె చిట్లింది. వెంటనే టొరంటో ఆటగాడు రెడ్ హార్నర్ ఒక్క గుద్దుతో షోర్‌ని కూలదోశాడు, అతని తలా పగిలింది. కోడ్ ప్రకారం లెక్క సరిపోయింది కాబోలు! కానీ ఆపరేషన్ టేబుల్ మీదున్న బెయిలీకి దానివల్ల ఒరిగిందేంటి? చచ్చిపోతాడనే అనుకున్నారు. బతికాడు, కానీ 30 ఏళ్లకే ఆట ముగిసింది. షోర్‌ని 16 మ్యాచ్‌లు పక్కనపెట్టారు.

1934 ఫిబ్రవరి 14న బెయిలీ సహాయార్థం టొరంటోలో మేపుల్ లీఫ్స్‌కీ, మిగతా జట్ల మేటి ఆటగాళ్లకీ మధ్య మ్యాచ్ పెట్టారు. షోర్ కూడా వచ్చాడు. ఆట మొదలయ్యే ముందు ఆ ఇద్దరూ చేతులు కలిపారు, స్టేడియం హోరెత్తిపోయింది. నేనైతే బెయిలీ స్థానంలో ఉంటే చెయ్యి చాపేవాణ్ణి కాదేమో.

షోర్ ఆ తర్వాత హెల్మెట్ పెట్టుకున్నాడు. అతని నాలుగు ట్రోఫీల్లో మూడు ఆ తర్వాతవే. ఇంకా ఆడుతుండగానే స్ప్రింగ్‌ఫీల్డ్ జట్టుకి యజమానయ్యాడు. అతని పెత్తనం భరించలేక ఆటగాళ్లు సమ్మె కూడా చేశారు. 1985లో పోయాడు.

బెయిలీ 1992 దాకా బతికాడు. చేతులు కలిపిన ఆ టొరంటో స్టేడియంలోనే, ఐస్ పక్కన టైమ్‌కీపర్‌గా కూర్చుని దశాబ్దాలపాటు ఆటలు చూశాడు.