గెంతే జన్యువులను కనిపెట్టిన బార్బరా మెక్‌క్లింటాక్

మన చేలల్లో పండే మొక్కజొన్న గింజలు దాదాపు అన్నీ ఒకే రంగులో ఉంటాయి. అమెరికా ఖండంలోని పాత నాటు రకాలు అలా ఉండవు. ఒకే కంకిలో ఊదా, ఎరుపు, తెలుపు గింజలు పక్కపక్కనే ఉంటాయి. కొన్ని గింజల మీద పిచ్చుక గుడ్డు మీద ఉన్నట్టు చుక్కలు కూడా ఉంటాయి. ఆ చుక్కలు ఎందుకు వస్తాయని ఒక మహిళ ఏళ్ళ తరబడి పొలంలో నిలబడి వెతికారు. ఆమెకు దొరికిన జవాబు మొక్కజొన్నతో ఆగలేదు. ఒకప్పుడు జ్వరాన్ని తగ్గించిన మాత్ర ఇప్పుడు ఎందుకు పనిచేయడం లేదు అనే ప్రశ్నకు కూడా జవాబులో సగం అక్కడే ఉంది. మైక్రోబయాలజీ పుస్తకాల్లో ఆమె గురించి అర పేజీకి మించి ఉండదు. అందుకే మన హాస్టల్ సంచికలో ఆమె గురించి రాస్తున్నాను.

బార్బరా మెక్‌క్లింటాక్ 1902 జూన్ 16న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణంలో జన్మించారు. మొదట పెట్టిన పేరు ఎలినార్. ఆ పేరు పిల్ల స్వభావానికి మరీ సుకుమారంగా ఉందని తల్లిదండ్రులే మార్చారు. తండ్రి హోమియోపతి డాక్టరు. నలుగురు పిల్లలు, ఇంట్లో డబ్బుకు ఇబ్బంది. చిన్నప్పుడు కొంతకాలం బార్బరాను బంధువుల ఇంట్లో ఉంచి పెంచారు.

1919లో హైస్కూలు పూర్తయింది. కాలేజీకి వెళతానంటే తల్లి ఒప్పుకోలేదు. ఎక్కువ చదివిన ఆడపిల్లను ఎవరు పెళ్ళి చేసుకుంటారన్నది ఆమె భయం. ఈ భయం అమెరికాలో కూడా ఉండేదా అని నాకు మొదట ఆశ్చర్యం కలిగింది. మన హాస్టళ్ళలో చదివిన అక్కచెల్లెళ్ళలో ఎంతమంది ఇంటర్ తర్వాత ఈ మాట విని ఉంటారో వేరే చెప్పక్కర్లేదు. బార్బరా పోట్లాడలేదు, మానలేదు కూడా. పగలు ఒక ఉద్యోగాల ఏజెన్సీలో పనిచేస్తూ, మిగిలిన సమయం లైబ్రరీలో కూర్చుని చదువుకున్నారు. సైన్యంలో డాక్టరుగా వెళ్ళిన తండ్రి తిరిగి వచ్చాక కూతురి వైపు నిలబడ్డారు. ఆ ఏడాదే ఆమె కార్నెల్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయ కళాశాలలో చేరారు. 1923లో డిగ్రీ, 1925లో ఎం.ఏ., 1927లో వృక్షశాస్త్రంలో పిహెచ్.డి. వచ్చాయి.

మొక్కజొన్న కణంలో పది జతల క్రోమోజోములు ఉంటాయి. మైక్రోస్కోపు కింద ఏది ఏదో గుర్తుపట్టే పద్ధతిని స్థిరపరిచింది ఆమే. 1931లో హ్యారియట్ క్రైటన్ అనే విద్యార్థినితో కలిసి, క్రోమోజోములు నిజంగానే తమ ముక్కలను ఒకదానితో ఒకటి మార్చుకుంటాయని రుజువు చేశారు. ఈ రోజు మనం పరీక్షల్లో క్రాసింగ్ ఓవర్ అని రాసే జవాబు వెనుక ఉన్నది ఆ పనే. ఇంత చేసినా పదేళ్ళకు పైగా స్థిరమైన ఉద్యోగం లేదు. ఫెలోషిప్పుల మీద బతికారు. 1936లో మిస్సోరీ విశ్వవిద్యాలయంలో అధ్యాపకురాలిగా చేరినా అక్కడ తనకు భవిష్యత్తు లేదనిపించి 1941లో వదిలేశారు. చివరికి న్యూయార్కు దగ్గరి కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధనా కేంద్రంలో చోటు దొరికింది. ఇక జీవితాంతం అక్కడే ఉన్నారు.

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. మొక్కజొన్న వేసేది, కాసేది ఆమే. జల్లుకూ పీచుకూ సంచులు తొడిగి, ఏ మొక్క పుప్పొడి ఏ మొక్కకు పడాలో చేత్తో వేసేవారు. పంట వచ్చాక గింజ గింజా చూసి రాసుకునేవారు. 1944 నుంచి కొన్ని మొక్కల్లో ఒక వింత కనబడింది. ఒక క్రోమోజోము ఎప్పుడూ ఒకే చోట విరుగుతోంది. ఆ చోటుకు డిసోసియేషన్ అని పేరు పెట్టారు. తర్వాత చూస్తే ఆ చోటే మారిపోయింది! అంటే ఆ ముక్క తానున్న స్థలం వదిలి మరోచోటికి వెళ్ళింది.

గింజ మీద చుక్కకు కారణం ఇదే. గింజకు ఊదా రంగు ఇచ్చే జన్యువు ఒకటి ఉంటుంది. డిసోసియేషన్ ముక్క వచ్చి దాని మధ్యలో కూర్చుంటే రంగు ఆగిపోతుంది. గింజ పెరిగేటప్పుడు ఏదైనా ఒక కణంలో ఆ ముక్క లేచిపోతే, ఆ కణం నుంచి పుట్టిన కణాలన్నిటికీ మళ్ళీ రంగు వస్తుంది. ముక్క ముందుగా లేస్తే పెద్ద మచ్చ, ఆలస్యంగా లేస్తే చిన్న చుక్క. ఆ ముక్క తనంతట తాను లేవలేదు, యాక్టివేటర్ అనే మరో ముక్క అదే కణంలో ఉండాలి. జన్యువులు దారానికి గుచ్చిన పూసల్లా ఎక్కడివక్కడే ఉంటాయని అందరూ అనుకుంటున్న రోజుల్లో ఆమె కనిపెట్టిన విషయం ఇది. డి.ఎన్.ఎ. నిర్మాణం అప్పటికి ఇంకా తెలియదు.

1951లో శాస్త్రవేత్తల పెద్ద సమావేశంలో ఆమె ఈ విషయమంతా వివరించారు. సభలో చాలామందికి అర్థం కాలేదు. కొందరు కొట్టిపారేశారు. 1953 తర్వాత ఆమె పెద్ద పత్రికల్లో ఈ పని గురించి వివరంగా రాయడం దాదాపు మానేశారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. చాలా వ్యాసాలు ఆమెను పాపం ఎవరూ గుర్తించని అనాథలా చూపిస్తాయి. అది నిజం కాదు. 1944లోనే అమెరికా జాతీయ సైన్స్ అకాడమీకి ఎన్నికయ్యారు. 1945లో ఆ దేశపు జెనెటిక్స్ సొసైటీకి తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. మొక్కజొన్న మీద పనిచేసేవారికి ముక్కలు కదులుతాయన్న సంగతిలో పెద్ద అనుమానం లేదు. ఆ ముక్కలే జీవి ఎదుగుదలను నడిపిస్తాయని ఆమె అన్నదే ఎక్కువమందికి మింగుడు పడలేదు. ఆ రెండో మాట ఆమె చెప్పినట్టుగా నిలవలేదు కూడా. ఆమెను గౌరవించడానికి ఈ నిజాన్ని దాచనక్కర్లేదని నా అభిప్రాయం.

ఆమె మాటను లోకం మళ్ళీ వినడానికి కారణం బ్యాక్టీరియా. 1950లలో జపానులో జిగట విరేచనాలు కలిగించే షిగెల్లా బ్యాక్టీరియా ఒకేసారి నాలుగు రకాల మందులకు లొంగకుండా పోయింది. ఆ శక్తి ఒక బ్యాక్టీరియా నుంచి పక్క బ్యాక్టీరియాకు, వేరే జాతి అయినా సరే, అంటుకుంటోందని అక్కడివారు కనిపెట్టారు. దాన్ని మోసేది ప్లాస్మిడ్ అనే చిన్న డి.ఎన్.ఎ. ఉంగరం. 1960ల చివర ఇ.కోలై బ్యాక్టీరియాలో కూడా చోటు మారే ముక్కలు దొరికాయి. 1974లో, మందును తట్టుకునే జన్యువును మోసుకుంటూ గెంతే అలాంటి ముక్కకు ట్రాన్స్‌పోజాన్ అని పేరు పెట్టారు. మన భాషలో చెప్పాలంటే ట్రాన్స్‌పోజాన్ ప్రయాణికుడు, ప్లాస్మిడ్ ఆర్టీసీ బస్సు. ప్రయాణికుడు ఒక్కడే ఊరు దాటలేడు, బస్సు ఎక్కితే ఏ ఊరికైనా చేరతాడు. 1972లో కేరళలో క్లోరాంఫెనికాల్‌కు లొంగని టైఫాయిడ్ వచ్చింది. అప్పట్లో టైఫాయిడ్‌కు అదే ముఖ్యమైన మందు. దాన్ని తట్టుకునే శక్తి కూడా ఆ బస్సులోనే వచ్చింది.

1983లో బార్బరాకు నోబెల్ బహుమతి ఇచ్చారు. అప్పుడు వయసు 81. వైద్యరంగంలో ఇంకెవరితోనూ పంచుకోకుండా ఈ బహుమతి అందుకున్న తొలి మహిళ ఆమే. ఆ వార్త ఆమె రేడియోలో విన్నారు. పెళ్ళి చేసుకోలేదు, పేరు కోసం పాకులాడలేదు. 1992 సెప్టెంబరు 2న 90 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. 2009లో మొక్కజొన్న జన్యుపటం మొత్తం చదివినప్పుడు అందులో దాదాపు 85 శాతం ఇలాంటి గెంతే ముక్కలేనని తేలింది.

మందులను తట్టుకునే జన్యువులు మనుషులు మాత్రలు తయారుచేశాక పుట్టినవి కావు. 30,000 ఏళ్ళుగా గడ్డకట్టి ఉన్న నేలలో కూడా అవి ఉన్నాయని 2011లో కనుగొన్నారు. నేలలోని సూక్ష్మజీవులు తమలో తాము పోరాడుకోవడానికి యాంటీబయాటిక్స్ తయారుచేస్తాయి, తట్టుకునే ఉపాయమూ పక్కనే పుడుతుంది. ఆ ఉపాయాలు అక్కడక్కడా పడి ఉంటే మనకు పెద్ద ప్రమాదం లేదు. మందు ఎక్కువైన చోట తట్టుకునేవి మాత్రమే మిగులుతాయి, గెంతే ముక్కలు ఆ ఉపాయాలను పోగుచేసి బస్సు ఎక్కిస్తాయి.

అలాంటి చోటు ఒకటి మనకు దగ్గరలోనే ఉంది. పటాన్‌చెరులో సుమారు 90 మందుల ఫ్యాక్టరీల మురుగునీటిని శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. కొన్ని బ్యాక్టీరియాను చంపడానికి చాలినదానికి ఇది వెయ్యి రెట్లకు పైనే. 2011లో ఆ కేంద్రానికి ఎగువన, దిగువన వాగు అడుగు మట్టి తీసి అందులోని డి.ఎన్.ఎ.ను చదివారు. దిగువ మట్టిలో మందులను తట్టుకునే జన్యువులు బాగా ఎక్కువగా ఉన్నాయి. వాటితోపాటు ప్లాస్మిడ్లు, ట్రాన్స్‌పోజాన్లు, జన్యువులను వరుసగా పేర్చుకునే ఇంటిగ్రాన్లు కూడా ఉన్నాయి. మట్టి తీసిన ఆ ఇసకవాగు వెళ్ళి నక్కవాగులో కలుస్తుంది. నక్కవాగు మంజీరలో, మంజీర గోదావరిలో.