బొబ్బిలి రాజావారు – దేవాలయముల చట్టములు

బొబ్బిలి యనగానే 1757 నాటి యుద్ధము తలపునకు వచ్చును. ఆ వంశమున 1901లో జన్మించిన రావు శ్వేతాచలపతి రామకృష్ణ రంగారావుగారు 1932లో జస్టిస్ పక్షమున మద్రాసు రాజధానికి ముఖ్యమంత్రి యైరి.

హిందూ దేవాలయముల పాలన క్రైస్తవ ప్రభుత్వమునకు తగదని ఇంగ్లండున వాదము చెలరేగగా, కంపెనీవారు 1843లో తిరుమల ఆలయమును హాథీరాంజీ మఠపు మహంతుల కప్పగించిరి. పిదప ఆలయ ధనముపై వ్యాజ్యములు కోర్టుల కెక్కుచునే యుండెను. 1933లో వచ్చిన చట్టము మహంతుల యేలుబడిని తొలగించి, పాలనను ఒక కమిటీకిని, కమీషనరునకును ఒప్పగించెను. 1935 నాటి సవరణ మరింత ముందునకు పోయెను. కారణములు చూపి ప్రకటన వెలువరించినచో ఏ ఆలయమునైనను దేవాదాయ బోర్డు తన అజమాయిషీలోనికి తెచ్చుకొనవచ్చును. సింహాచలమునకు విజయనగర ప్రభువులవలె జమీందారులే అనువంశిక ధర్మకర్తలైన సీమనుండి వచ్చినవారు ధర్మకర్తల అధికారమును కుదించుట సామాన్యమైన పని కాదు.

1937లో వారు సొంత బొబ్బిలిలోనే వి.వి. గిరిగారి చేతిలో ఓడిపోయిరి. జమీందారీ పాలనపై రైతుల కినుకయే అందులకు ముఖ్యకారణ మనవలెను. ఆలయ చట్టములు కావు.

1954లో శిరూరు మఠము వ్యాజ్యమున సుప్రీంకోర్టు, పూజాదికములు మతమునకు చెందుననియు, ఆస్తుల పాలనను చట్టము నియంత్రింపవచ్చుననియు తీర్పు చెప్పెను. అప్పటికి రాజావారికి ఏబదిమూడేండ్లు. 1978లో వారు కన్నుమూసిరి.