గిటారు వాద్యకారుడు చార్లీ క్రిస్టియన్

గిటారు అనగానే మన పాఠశాల బాలురకు ఆరాధనలో పాటకు తోడుగా మ్రోగెడి చెక్క వాద్యము గాని, తెరమీద గర్జించెడి విద్యుద్వాద్యము గాని జ్ఞప్తికి వచ్చును. ఈ రెంటికిని నడుమ ఒక కాలము గలదు. అప్పుడు పెద్ద మేళములలో గిటారు ఉండియు లేనట్లే యుండెను. ఆ స్థితిని మార్చినవారిలో ముఖ్యుడు ఇరువదియైదేండ్లకే కన్నుమూసిన యొక యువకుడు. అతని చరిత్రమును ఈ సంచికలో వ్రాయదలచితిమి. ఇంటిపేరు క్రిస్టియన్ అని యుండుటచేత ఇతడొక మిషనరీ యని బాలురు భ్రమపడవలదు.

చార్లీ క్రిస్టియన్ 1916వ సంవత్సరము జూలై 29వ తేదీన అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున బోన్హాము అను చిన్న పట్టణమున జన్మించెను. తలిదండ్రులు నల్లజాతివారు, సంగీతము నెరిగినవారు. అతడు పసివాడుగా నున్నప్పుడే కుటుంబము ఓక్లహోమా నగరమునకు తరలిపోయెను. తండ్రియైన క్లారెన్సు హెన్రీ జ్వరము తగిలి చూపు పోగొట్టుకొనెను. అందుచేత ఆయన కుమారులను వెంటబెట్టుకొని వీధులలో వాయించి, కలవారి యిండ్ల ముందర నిలిచి, వారిచ్చిన చిల్లరతో సంసారము నడపుచుండెను. మన ప్రాంతములలో రైలుస్టేషనునొద్ద హార్మోనియము మెడకు తగిలించుకొని పాడెడి అంధుని, అతనిని చేయిపట్టి నడిపించెడి బిడ్డను చూడనివారుండరు. చార్లీ అట్టి బిడ్డయే. వాద్యము పట్టలేనంత చిన్నవాడగుటచేత మొదట పాటకు తగినట్లు నాట్యమాడుట అతని పని. పిమ్మట తండ్రియే గిటారు నేర్పెను. చార్లీకి పండ్రెండేండ్ల ప్రాయమున తండ్రి మరణింపగా, ఆయన వాద్యములు బాలునికి సంక్రమించెను.

ఆ రాష్ట్రమున తెల్లవారి బిడ్డలకు వేరుగాను నల్లవారి బిడ్డలకు వేరుగాను బడులుండెను. చార్లీ చదివినది డగ్లసు పాఠశాల. దాసత్వమునుండి తప్పించుకొని మహావక్తయైన ఫ్రెడరిక్ డగ్లసు పేర అది వెలసినది. అచట జీలియా బ్రో అను ఉపాధ్యాయిని సంగీతమును ఎంతో శ్రద్ధతో బోధించుచుండెను. ఆమె చార్లీని ట్రంపెటు నేర్చుకొమ్మనెననియు, అతడు సాక్సఫోనే కావలెనని పట్టుపట్టి, అది కుదరక సంగీతపు తరగతి మానివేసి బేస్‌బాల్ ఆటకు పోయెననియు అతని అన్నగారు అటుతరువాత చెప్పియున్నారు. ఉపాధ్యాయులమైన మేము ఈ సంగతి వ్రాయుటకు కొంచెము సంకోచించితిమి. కాని అతడు నేర్చుకొనుట మానలేదు, తరగతిని మాత్రమే మానెను. చేతిపనుల తరగతిలో చుట్టల పెట్టెలతో గిటారులు చేసి వాయించుచుండెనని అతనిని బాల్యమున ఎరిగిన ప్రఖ్యాత రచయిత రాల్ఫ్ ఎలిసన్ వ్రాసియున్నాడు. ఇక సాక్సఫోను మీది కోరిక యూరక పోలేదు. అది ఏ రూపమున నెరవేరెనో ముందు తెలియును.

ఇచ్చట గిటారును గూర్చి కొంత చెప్పక తప్పదు. తీగ సన్ననిది, అది ఎంత అదరినను గాలిని కొద్దిగా మాత్రమే కదల్పగలదు. ఆ యదరు తీగలక్రింది గుర్రముద్వారా పైపలకకు దిగి, పలక అదరి, దానితో లోపలి గాలియు అదరినప్పుడే మన చెవికి చాలినంత ధ్వని పుట్టును. మిషిగన్ రాష్ట్రములోని కలమజూ పట్టణమున ఆర్విల్ గిబ్సన్ అను పనివాడు గత శతాబ్దికి పూర్వమే పలకను బల్లపరుపుగా గాక, ఫిడేలు పలకవలె నడుమ ఉబ్బెత్తుగా చెక్కు పద్ధతిని అవలంబించి 1898లో హక్కుపత్రము పొందెను. అతని పేర నడచిన కంపెనీలో లాయిడ్ లోర్ 1922 ప్రాంతమున అట్టి గిటారుకు ఫిడేలునకువలె ఇంగ్లీషు ఎఫ్ అక్షరమును బోలిన రంధ్రములనుంచి, ధ్వనిని మరింత సూటిగా పలికించెను. ఇట్టిదానిని ఆర్చ్‌టాపు గిటారని పిలిచిరి. అయినను ఏమి లాభము? ఆనాటి నాట్యశాలలలో పదునైదుగురు వాద్యకారులు ట్రంపెటులు, ట్రాంబోనులు, డ్రమ్ములు ఒక్కమారు మ్రోగించుచుండగా గిటారువాడు తాళము వేయుటకే గాని పాట పలుకుటకు నోచుకొనలేదు. ముందర మైక్రోఫోను పెట్టినచో అది గిటారుతోపాటు ప్రక్కవాని డ్రమ్మును గూడ వినును.

1936లో గిబ్సన్ కంపెనీవారు ఇ.ఎస్. 150 అను గిటారును వెలువరించిరి. అందు ఉక్కు తీగలక్రింద నొక ఇనుపపట్టె, దానిచుట్టు సన్నని రాగితీగ చుట్ట, పలకక్రింద దాగిన రెండు అయస్కాంతములు గలవు. ఉక్కు తీగ అదరినప్పుడెల్ల అయస్కాంతక్షేత్రము చలించి, చుట్టలో స్వల్ప విద్యుత్తు పుట్టును. పదవ తరగతిలో ఫారడే ప్రయోగమును చదివినవారికి ఇది క్రొత్త కాదు. ఆ విద్యుత్తును వాల్వుల యంత్రము పెద్దది చేసి లౌడుస్పీకరునకు పంపును. ఇది గాలిని వినదు, తీగనే వినును. కనుక ప్రక్కవాని డ్రమ్ము దీనిలో జొరబడదు. అయినను చెక్క మూగవోలేదు: బోలు పెట్టెయే తీగ ఎట్లదరి ఎట్లణగవలెనో నిర్ణయించును గనుక, దాని సహజమైన గుండ్రని నాదము స్పీకరునందును వినవచ్చుచుండెను. శబ్దము మితిమీరినచో మాత్రము స్పీకరు ధ్వనికి పెట్టె తానే అదరి, యంత్రము ఊళపెట్టును. గిటారు, యంత్రము కలిపి వెల సుమారు 150 డాలర్లు.

చార్లీ దీనిని చేపట్టెను. ఇతనికంటె ముందును విద్యుద్గిటారు వాయించినవారున్నారు. ఎడ్డీ డర్హాము అట్టివారిలో నొకడు. ఇతని విశేషమేమనగా, బిగ్గరగా పలికెడి వాద్యము దొరకినదని అదే తాళమును బిగ్గరగా వేయలేదు. సాక్సఫోను వాయించు లెస్టర్ యంగ్ పలుకుబడులను చెవినిండ వినియుండెను గనుక, ఒక్కొక్క స్వరమును ఊపిరివిడుపులతో మాటలాడినట్లు అల్లి పలికించెను. తరగతిలో దొరకని సాక్సఫోను ఇట్లు గిటారులో దొరకెను.

పియానో విద్వాంసురాలగు మేరీ లూ విలియమ్సు ఇతని గొప్పతనమును జాన్ హామండు అను పెద్దమనిషికి తెలుపగా, ఆయన 1939లో ఓక్లహోమాకు వచ్చి విని, ప్రసిద్ధుడైన బెన్నీ గుడ్‌మన్ కడకు ఇతనిని పంపెను. ఆగస్టు 16వ తేదీన కాలిఫోర్నియాలో పరీక్ష జరిగెను. గుడ్‌మన్ కొద్దిగా విని పెదవి విరిచెను. విద్యుత్తుతో మ్రోగెడి గిటారుమీద ఆయనకు నమ్మకము లేదు. ఆ రాత్రి విక్టర్ హ్యూగో అను భోజనశాలలో మేళము విరామమున నుండగా, హామండు మరియొకని సాయముతో చార్లీ యంత్రమును వేదికమీదికి చేర్చెను. గుడ్‌మన్ వచ్చి చూచి కోపగించి, ఈ క్రొత్తవానికి రాదనుకొని రోజ్ రూమ్ అను పాట నెత్తుకొనెను. అది చార్లీకి చిన్ననాడే వచ్చును! అతడొక వరుస వాయించెను, మరియొక వరుస వాయించెను. ఎన్ని వాయించినను క్రొత్తవి వచ్చుచునేయుండెను. ఆ యొక్క పాట ముప్పావుగంట నడచెనని చెప్పుదురు. రాత్రికి రెండున్నర డాలర్లు తెచ్చుకొనెడి యువకునికి వారమునకు 150 డాలర్ల జీతమేర్పడెను. అనగా వారమునకొక గిటారు వెల. ఆ సంవత్సరము క్రిస్మసుకు ముందటి రాత్రి అతడు న్యూయార్కులోని కార్నెగీ హాలులో వాయించెను. నల్లవారును తెల్లవారును ఒకే వేదికపై కూర్చుండుట ఆ దేశమున ఇంకను అరుదైన రోజులవి.

కాని రొమ్మున క్షయ ప్రవేశించియుండెను. 1940 ఆరంభమున కొన్నాళ్లు ఆస్పత్రిలో నుండెను. విశ్రాంతి గైకొనవలసినవాడు 1941లో గుడ్‌మన్ మేళములో పని ముగిసిన పిమ్మట హార్లెములోని మింటన్ శాలకు పోయి, థెలోనియస్ మంక్ మొదలగు యువకులతో తెల్లవారువరకు వాయించుచుండెను. క్రొత్త జాజ్ సంగీతమునకు పునాది పడినది ఆ రాత్రులందే. దేహమును లెక్కచేయనందుకు అతనిని మెచ్చుకొనజాలము. అట్లని, వీధిలో పెరిగి ఇరువదిమూడేండ్లకు విననేర్చినవారిని కనుగొన్నవాడు పెందలకడ పరుండియుండవలసినదని తేలికగా అనుటకును నోరాడదు.

ఆ యేడు జూన్ మాసమున అతనిని స్టేటెన్ దీవిలోని సీవ్యూ ఆస్పత్రిలో చేర్చిరి. మదనపల్లె చెంత ఆరోగ్యవరమును చూచిన పెద్దలకు ఆనాటి క్షయ చికిత్స యెట్టిదో తెలియును: గాలి, వెలుతురు, మంచి ఆహారము, కదలక పడుకొనియుండుట. అంతకుమించిన మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని కనుగొనబడలేదు. చార్లీ 1942 మార్చి 2వ తేదీన మరణించెను. దేహమును బోన్హామునకు కొనిపోయి పాతిపెట్టిరి. అతని పేర రాయి నిలిచినది 1994లో.

గుడ్‌మన్‌తో ముద్రించిన రికార్డులు రెండేండ్లలోనివే. వానిలో 1941 నాటి సోలో ఫ్లైట్ అనునది మా చెవికి మిక్కిలి యింపైనది. గిటారు చేయువారు ఆ ఇనుపపట్టె గల పరికరమును కంపెనీ పేరుతో గాక చార్లీ క్రిస్టియన్ పికప్పు అని నేటికిని పిలుచుచున్నారు.