మౌత్ ఆర్గాన్ మీది నక్షత్రం – మత్తియాస్ హోనర్ జీవితం

మన సభ్యుల్లో చిన్నతనాన మౌత్ ఆర్గాన్ నోట పెట్టనివారు అరుదు. 1964లో 'దోస్తీ' సినిమా వచ్చాక ఆ సరదా మరీ పెరిగింది. ఈ మధ్య బోరబండలో మా ఇంటికి వచ్చిన మిత్రులొకరు తమ తండ్రిగారి హోనర్ వాద్యం తెచ్చి చూపించారు. రేకు మీద వృత్తంలో ఆరు కోణాల నక్షత్రం ఉన్నది. అది యూదుల గుర్తు కనుక హోనర్ యూదుడే అయివుంటాడని వారి వాదన. ఆ సంగతి తేల్చుదామని ఆ పెద్దమనిషి జీవితం కాస్త పరిశీలించాను.

మత్తియాస్ హోనర్ 1833 డిసెంబరు 12న దక్షిణ జర్మనీలోని ట్రోసింగెన్ గ్రామంలో జన్మించారు. వారిది ప్రొటెస్టెంట్ క్రైస్తవ కుటుంబం. ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ గోడ గడియారాలకు పేరుపడ్డవి, ఆయన వృత్తి కూడా గడియారాల పనే. దానితో ఇల్లు గడవడం కష్టమయింది. అదే ఊళ్లో క్రిస్టియన్ మెస్నర్ అనే ఆయన అప్పటికే మౌత్ ఆర్గాన్లు చేస్తూ, ఆ పనితనం బయటికి పొక్కకుండా కాపాడుకొనేవారు. హోనర్ వారి పనిశాలకు వెళ్లి, ముచ్చటిస్తున్నట్లే ఉండి పని అంతా కళ్లతోనే నేర్చుకున్నారు. ఇది మర్యాదైన పని అనను. కానీ పెళ్లాంబిడ్డలను పోషించుకోవాలి కదా!

1857లో భార్య అన్నా, ఒక పనివాడు తోడుగా సొంతంగా పని ప్రారంభించారు. ఆ ఏడాది తయారైనవి 650. వాద్యం చూడటానికి చిన్నదే గాని, పది రంధ్రాల దానిలో ఇరవై ఇత్తడి రీడ్లుంటాయి. ఊదితే ఒకటి, పీలిస్తే మరొకటి పలుకుతుంది. ప్రతి రీడునూ చేత్తో అరగదీసి శ్రుతి కలపాలి. ఊళ్లోని రైతుల ఇళ్లలో ఆడవాళ్లు, పిల్లలు సహితం ఈ పనిలో కూర్చొనేవారు. తరువాత యంత్రాలు వచ్చాయి. అమెరికాకు ఎగుమతులు పెరిగాయి. 1887 నాటికి ఏడాదికి పది లక్షలు దాటాయి. రేకు మీద తన పేరు చెక్కించడం ఆయన చేసిన తెలివైన పని. సరుకుతోపాటు పేరూ దేశాలు తిరిగింది.

1900లో వ్యాపారం అయిదుగురు కొడుకులకు అప్పగించి తప్పుకున్నారు. మన భాషలో పదవీ విరమణ. ఆ విశ్రాంతి రెండేళ్లే. 1902 డిసెంబరు 11న, అరవై తొమ్మిదో పుట్టినరోజుకు ఒక్క రోజు ముందు కన్నుమూశారు. మరుసటి ఏడాది కొడుకులు అకార్డియన్ల తయారీ మొదలుపెట్టారు. 1920 దశకం చివర మెస్నర్ గారి కంపెనీ సైతం హోనర్‌లో కలిసిపోయింది.

ఇక నక్షత్రం మాట. ఆరు కోణాల ఆకారం ఒక్కరి సొత్తు కాదు. సుబ్రహ్మణ్య యంత్రంలో ఉన్న షట్కోణం అదే. ఢిల్లీలో హుమాయూన్ సమాధి గోడల మీదా కనిపిస్తుంది. దక్షిణ జర్మనీలో బీరు కాచేవారు దుకాణం ముందు ఆ నక్షత్రాన్నే వేలాడదీసేవారు. యూదులందరికీ అది ఉమ్మడి గుర్తుగా స్థిరపడింది 19వ శతాబ్దంలోనే. 1897లో బాసెల్ నగరంలో జరిగిన జియోనిస్టు మహాసభ దాన్ని జెండా మీదికి ఎక్కించింది. కనుక రేకు మీద నక్షత్రం చూసి యజమాని మతం నిర్ణయించరాదు.

కానీ 1933లో నాజీలు గద్దెనెక్కాక ఇటువంటి వివరణ వినే నాథుడు లేడు. ఆ దశకంలోనే హోనర్ వారసులు ముద్రలోంచి నక్షత్రాన్ని తీసివేశారు. భయమో, వ్యాపార దృష్టో, రెండూనో! మన పాత ఫైళ్ల మీది సీళ్లు చూసి అప్పుడు ఏ రాజ్యమో చెప్పగలం కదా, ఇదీ అంతే. 1941 సెప్టెంబరులో ఆరేళ్లు నిండిన ప్రతి యూదుడూ అదే నక్షత్రాన్ని పసుపుపచ్చ గుడ్డతో చొక్కాకు కుట్టుకోవాలని జర్మనీలో ఉత్తర్వు వచ్చింది. అలా కుట్టుకున్నవారిలో అనేకులను రైళ్లకెక్కించి చావుకు పంపారు. రేకు మీది గుర్తు చెరపడానికి ఒక అచ్చు మారిస్తే సరిపోయింది. గుండెల మీద కుట్టినదాన్ని తీసేసుకొనే వీలు ఆ మనుషులకు లేకపోయింది.

ఇదంతా చెప్పాక మిత్రులు చాలాసేపు వాద్యాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. తరువాత ఊదారు. మూడో రంధ్రం పలకడం లేదు, రీడు అరిగింది. బాగుచేసేవారెవరైనా తెలిసినవారు సంఘం కార్యాలయానికి తెలియజేయ ప్రార్థన.