బోర్డు కట్టని డాక్టరు
– డా. యల్లాప్రగడ సుబ్బారావు జీవితం



ఇంటర్ బైపీసీలో చేరిన రోజున మన హాస్టల్ పిల్లల్లో ఎవరిని కదిలించినా డాక్టరునవుతానంటారు. మాచర్ల నుంచి వచ్చినా, గురజాల నుంచి వచ్చినా, నరసరావుపేట పక్క పల్లెల నుంచి వచ్చినా అందరిదీ అదే కల. ర్యాంకులు వచ్చిన రోజున మాత్రం చాలా గదుల్లో దీపం వెలగదు. దుప్పటి ముసుగు తన్ని పడుకున్నవాడిని అన్నానికి లేపడం కూడా కష్టమే. కూలికి పోయే అమ్మానాన్నలకు ఏ ముఖంతో ఫోను చేయాలో వాడికి తెలియదు. నేనూ ఒకప్పుడు అలా పడుకున్నవాడినే. అందుకే ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు నాకు సుబ్బారావు గారే గుర్తొచ్చారు.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం చెడి ఆయన ముందుగానే ఉద్యోగం మానుకోవడంతో కుటుంబం ఇబ్బందుల్లో పడింది. సంసారం బరువంతా తల్లి వెంకమ్మ గారి మీద పడింది. పిల్లవాడికి చదువు మీద ధ్యాస నిలవలేదు. పదమూడేళ్ళ వయసులో కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని ఇల్లు విడిచి బయలుదేరారు. తల్లి ఊరుకోలేదు. వెనక్కు రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టారు.

ఆ బడి చదువు కూడా సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి రాసి గట్టెక్కారు. రెండుసార్లు తప్పిన ఆ పిల్లవాడి పేరును తర్వాతి కాలంలో ప్రపంచంలోని వైద్యశాస్త్రవేత్తలంతా తెలుసుకుంటారని ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్ పూర్తయ్యాక ఆయన మనసు సన్యాసం వైపు మళ్ళింది. రామకృష్ణ మఠం పెద్దలు వైద్యం చదివి జనానికి సేవ చేయమని హితవు చెప్పారు. అలా ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. ఫీజులకు స్నేహితులు, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు సాయపడ్డారు. తర్వాత 1919లో సూర్యనారాయణమూర్తి గారి కుమార్తె శేషగిరి గారినే ఆయన వివాహమాడారు.

సీటు దొరికింది, చదువు సాగింది. అసలు దెబ్బ చివర్లో తగిలింది. విదేశీ వస్తువులను వదలమని గాంధీగారు పిలుపునిచ్చిన రోజులవి. సుబ్బారావు గారు శస్త్రచికిత్స గదిలో కూడా ఖద్దరు దుస్తులే వేసుకున్నారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ చేతికిచ్చారు. మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులో చేరాలని ప్రయత్నిస్తే ఆ తలుపూ తెరుచుకోలేదు.

ఇక్కడ ఆయన చేసిన పనిని మనం గమనించాలి. అవమానం జరిగిందని ఇంట్లో కూర్చోలేదు. మద్రాసులోనే డాక్టర్ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే ఉద్యోగంలో చేరారు. తనకన్నా తక్కువ మార్కులు వచ్చినవాళ్ళు పెద్ద ఆసుపత్రుల్లో పనిచేస్తుంటే తాను నల్లబల్ల ముందు నిలబడి ఎముకల పేర్లు చెప్పడానికి ఆయన నామోషీ పడలేదు. ఆయుర్వేద మందుల గుణాలను అక్కడే ఆసక్తిగా పరిశీలించారు. ఏ మందు ఎందుకు పనిచేస్తుంది అనే ప్రశ్న ఆయనను పట్టుకుంది.

ఆ ప్రశ్న వెనుక ఒక కన్నీటి కథ కూడా ఉంది. స్ప్రూ అనే విరేచనాల జబ్బు ఆయన సోదరులను ఇద్దరిని కొద్ది రోజుల తేడాతో పొట్టనబెట్టుకుంది. ఆ రోజుల్లో ఆ జబ్బుకు సరైన మందు లేదు.

అమెరికా వెళ్ళి ఉష్ణదేశాల వ్యాధుల గురించి చదవాలని నిశ్చయించుకున్నారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి, మామగారు తలా కొంత సాయం చేశారు. 1922 అక్టోబర్ 26న బోస్టన్ నగరంలో కాలు పెట్టారు. హార్వర్డ్‌లో చదువుకుంటూనే పొట్ట గడవడానికి బ్రిగామ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. డాక్టరు చదువు చదివిన మనిషి పరాయి దేశపు ఆసుపత్రిలో నౌకరుగా నిలబడ్డారు. హాస్టల్లో ఉంటూ సెలవుల్లో మిరపకోతకు వెళ్ళే మన పిల్లలకు ఆ కష్టం ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు.

డిప్లొమా పూర్తయ్యాక హార్వర్డ్‌లోనే జీవరసాయన శాస్త్ర విభాగంలో చేరారు. సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, కణజాలంలో భాస్వరం ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతిని కనిపెట్టి 1925లో ప్రకటించారు. అది ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా పుస్తకాలకెక్కింది. ఆ తర్వాత కండరాల్లో ఉండే ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వారిద్దరూ వెలికితీశారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. మీరు బైపీసీ పుస్తకంలో కణానికి శక్తినిచ్చేది ఏటీపీ అని చదివేటప్పుడు ఆ మూడక్షరాల వెనుక మన తెలుగువాడు ఉన్నాడని గుర్తుంచుకోండి.

1930లో పిహెచ్.డి. వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. మరో తలుపు మూసుకుంది. 1940లో ఆయన లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలకు మారారు. కొద్ది కాలానికే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. మిగిలిన ఎనిమిదేళ్ళ జీవితంలో జరిగిన పని చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని 1945 నాటికి కృత్రిమంగా తయారు చేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ జబ్బుకు, ఒక రకం రక్తహీనతకు అది మందయింది. గర్భిణులకు, మన బడిపిల్లలకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఐరన్‌తో పాటు ఉండేది ఈ ఫోలిక్ ఆమ్లమే. దానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్‌ను కూడా అక్కడే తయారు చేశారు. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు దానిని ఇవ్వగా 10 మందిలో జబ్బు తాత్కాలికంగా తగ్గింది. ఈ సంగతి 1948లో ప్రచురితమైంది. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను క్యాన్సర్‌కు, కీళ్ళవాతానికి నేటికీ వాడుతున్నారు. బోదకాలు జబ్బుకు ఊళ్ళలో ఇంటింటికీ పంచే డీఈసీ మాత్ర కూడా ఆయన నాయకత్వంలోని పరిశోధన నుంచి వచ్చినదే. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటి మందైన ఆరియోమైసిన్‌ను డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త కనుగొన్నదీ ఆ పరిశోధనశాలలోనే.

1948 ఆగస్టులో 53 ఏళ్ళ వయసులో సుబ్బారావు గారు నిద్రలోనే కన్నుమూశారు. 1922లో వెళ్ళిన మనిషి మళ్ళీ స్వదేశానికి రాలేదు. శేషగిరి గారు ఇక్కడ ఎదురుచూస్తూనే ఉండిపోయారు. ఆ గొప్పతనానికి ఆమె చెల్లించిన మూల్యాన్ని కూడా మనం మరువకూడదు. 1995లో శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది. ఇంటి ముందు డాక్టరునని బోర్డు కట్టుకుని రోగుల నాడి చూసిన మనిషి కాదాయన. అయినా ఆయన మందులు చేరని ఆసుపత్రి లేదు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ఈ కథ చదివి ప్రయత్నం మానేయమని నేను చెప్పడం లేదు. మెట్రిక్ విషయంలో ఆయన మూడుసార్లు ప్రయత్నించారు. నీట్‌కు కూడా ఎన్నిసార్లైనా కూర్చోవచ్చు. మార్కులు కొద్దిలో తప్పిపోతే, ఇంట్లో ఆసరా ఉంటే, ఒక సంవత్సరం లాంగ్ టర్మ్ చదవడం మంచిదే. కానీ ఏళ్ళకేళ్ళు అప్పులు చేసి అదే గుమ్మం ముందు కూర్చోవద్దు. నీట్‌తోనే ఆయుర్వేదం, హోమియో సీట్లు ఉన్నాయి. ఎంసెట్, అంటే ఇప్పటి ఈఏపీసెట్ ద్వారా బి.ఫార్మసీ, ఫార్మ్.డి. ఉన్నాయి. నర్సింగ్, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ ఉన్నాయి. బి.ఎస్సీ.లో బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ చదివి పిహెచ్.డి. దాకా వెళ్ళవచ్చు. సుబ్బారావు గారు పేరు తెచ్చుకున్నది ఈ చివరి దారిలోనే.

మనలో చాలామందికి ఫీజు కట్టే మామగారు గానీ, ఓడ టికెట్టు కొనిచ్చే ధర్మనిధి గానీ లేరన్నది నిజం. మనకున్నది ఈ హాస్టలు, రిజర్వేషను, పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు. విదేశాల్లో పీజీ, పిహెచ్.డి. చేయదలచిన ఎస్సీ విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వపు జాతీయ విదేశీ ఉపకార వేతనం ఉంది. ఇవి ఎవరో పెట్టిన భిక్ష కాదు, పోరాడి సాధించుకున్న హక్కులు. దరఖాస్తు గడువులు దాటిపోకుండా వార్డెన్ గారిని, సీనియర్లను అడిగి తెలుసుకోండి.

నేను డాక్టరును కాలేదు. ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేస్తాను. భాస్వరం కొలిచే పాఠంలో సుబ్బారావు గారి పేరు మొదటిసారి చూసిన రోజున నా మనసులోని బరువు సగం దిగింది. ఈసారి ర్యాంకులు వచ్చిన రాత్రి మీ గదిలో ఎవరైనా ముసుగు తన్ని పడుకుంటే, ముందు వాడిని లేపి అన్నం తినిపించండి. తర్వాత ఈ కథ చెప్పండి.

– మీ పూర్వ విద్యార్థి