క్యాథ్లీన్ లాన్స్‌డేల్: స్ఫటికాలు, సంసారం, ఒక నెల జైలు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని మన సంఘం వాళ్లు అడిగి మూడు నెలలైంది. మాస్టార్ల గురించి రాద్దామంటే, ఆ పని నాకంటే బాగా చేయగలవాళ్లు ముందే ఒప్పుకున్నారు. గోడ దూకి మ్యాట్నీకి వెళ్లిన కథలు ఎలాగూ నలుగురైదుగురు రాస్తారు. అందుకని మన బడికీ మన ఊరికీ ఏ సంబంధమూ లేని, 1971లోనే పోయిన ఒక ఆవిడ జీవితం రాస్తున్నాను. చదివాక కమిటీ వాళ్లు తిట్టుకున్నా ఫరవాలేదు.

నేను పంపులు, వాల్వులు, పైపుల మనిషిని. కొన్నేళ్ల కిందట మా కంపెనీ పనిమీద ఇండోర్ వెళ్లాను. అక్కడ ఇండస్-2 అనే సింక్రోట్రాన్ ఉంది. 172 మీటర్ల చుట్టుకొలత ఉన్న గొట్టంలోంచి గాలి మొత్తం లాగేసి, అందులో ఎలక్ట్రాన్లను దాదాపు కాంతి వేగంతో తిప్పుతారు. అయస్కాంతాలు వాటిని మలుపు తిప్పిన ప్రతిచోటా ఎక్స్ కిరణాలు పుడతాయి. ఆ కిరణాలను బయటికి తెచ్చి వాడుకునే చోటును బీమ్‌లైన్ అంటారు. దేశం నలుమూలల నుంచీ పరిశోధకులు తమ నమూనాలు చిన్న చిన్న డబ్బాల్లో పెట్టుకుని వస్తారు. వాళ్లకిచ్చిన సమయం కొన్ని షిఫ్టులే కాబట్టి రాత్రీ పగలూ తేడా ఉండదు. ఒక రాత్రి ఓ తెలుగమ్మాయి, వరంగల్ వైపు యాసతో, ఇంట్లో ఉన్న పిల్లాడికి ఫోన్లో నిద్రపుచ్చే కబుర్లు చెబుతూ కంప్యూటర్ తెరమీద చుక్కలు చూసుకుంటోంది. ఆమె పక్కన అట్ట ఊడిపోయిన పాత లావుపాటి పుస్తకం ఒకటి ఉంది. పని లేక తిరగేశాను. ఎక్స్ కిరణ స్ఫటిక శాస్త్రానికి అంతర్జాతీయ పట్టికలు, మొదటి సంపుటం, 1952. సంపాదకుల పేర్లు రెండు. అందులో ఒకటి క్యాథ్లీన్ లాన్స్‌డేల్.

మనకు ఇంజనీరింగులో స్టీమ్ టేబుల్స్ ఎలాగో వాళ్లకు ఆ పుస్తకం అలాగ. స్టీమ్ టేబుల్స్ ఎవరు తయారుచేశారని మనలో ఎవరైనా ఎప్పుడైనా అడిగామా? నేనైతే అడగలేదు. ఆ రాత్రి మాత్రం అడగాలనిపించింది.

ఆ పుస్తకంలో ఏముందో ముందు చెప్పాలి. వాకిట్లో చుక్కల ముగ్గు గుర్తు తెచ్చుకోండి. ఒక చిన్న భాగాన్ని పక్కకు జరిపి, తిప్పి, అద్దంలో చూసినట్టు తిరగేసి, మళ్లీ మళ్లీ వేస్తే వాకిలంతా నిండుతుంది. నేలమీద ఇలా ఆగకుండా నింపుకుంటూ పోవడానికి సరిగ్గా 17 పద్ధతులే ఉన్నాయి, పద్దెనిమిదోది లేదు. ఉప్పు, చక్కెర, వజ్రం లాంటి స్ఫటికాల్లో అణువులు నేలమీద కాదు, నిడివి, వెడల్పు, ఎత్తు మూడింటిలోనూ ముగ్గు వేస్తాయి. వాటి పద్ధతులు 230. ఈ లెక్క 1891లోనే తేలింది. అయితే మీ చేతిలో ఉన్న స్ఫటికం ఆ 230లో ఏదో ఎలా తెలుస్తుంది? స్ఫటికం మీద ఎక్స్ కిరణాలు పడితే అవి చెదిరి ఫిల్మ్ మీద మచ్చలు పడతాయి. కొన్నిచోట్ల పడాల్సిన మచ్చ పడదు. ఏ మచ్చలు లేవో చూస్తే ఏ ముగ్గో పట్టుకోవచ్చు. ఏ ముగ్గుకు ఏ మచ్చలు మాయమవుతాయో వరుసగా చెప్పేవే ఆ పట్టికలు. (ఈ పేరా నేను రాసినది కాదు. నేను రాసింది తప్పుల తడక అని మా ఆవిడ కొట్టేసి ఇది రాసింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.)

క్యాథ్లీన్ 1903 జనవరి 28న ఐర్లండులో న్యూబ్రిడ్జ్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. పదిమంది సంతానంలో ఆఖరిది. తండ్రి హ్యారీ యార్డ్లీ పోస్టుమాస్టరు, తాగుడు అలవాటు. తల్లి పిల్లల్ని తీసుకుని 1908లో ఇంగ్లండు చేరి లండను శివార్లలో కాపురం పెట్టింది. పెద్దపిల్లలు చదువు మధ్యలో ఆపి పనుల్లో చేరారు. వాళ్ల సంపాదన మీద ఆఖరిపిల్ల చదివింది. మన ఇళ్లలో చూడని కథ కాదు.

ఆమె చదివే ఆడపిల్లల హైస్కూల్లో ఫిజిక్సు, కెమిస్ట్రీ, పై లెక్కలు చెప్పేవారు లేరు. అందుకని ఆ పాఠాల కోసం మగపిల్లల బడికి వెళ్లేది. ఆ క్లాసులో ఆడపిల్ల ఆమె ఒక్కతే. పదహారేళ్లకే బెడ్‌ఫర్డ్ కాలేజీలో చేరింది. మొదట లెక్కలు తీసుకుంది, ఏడాది తిరిగేసరికి ఫిజిక్సులోకి మారింది. 1922లో బి.ఎస్సీ పరీక్షలో లండన్ యూనివర్సిటీ మొత్తానికి మొదటి స్థానం, పదేళ్లలో ఎవరికీ రానన్ని మార్కులు. పరీక్షాధికారుల్లో ఒకరు విలియం హెన్రీ బ్రాగ్. స్ఫటికాల మీద ఎక్స్ కిరణాల పరిశోధనకు కొడుకుతో కలిసి 1915లో నోబెల్ అందుకున్నాయన. ఆ మార్కులు చూసి ఏడాదికి 180 పౌండ్ల వేతనంతో తన దగ్గర పనికి రమ్మన్నాడు. మరుసటి ఏడాది ఆయనతోపాటు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌కు మారింది.

అక్కడ ఆస్ట్‌బరీ అనే సహోద్యోగితో కలిసి ఆ 230 పద్ధతుల పట్టికలు తయారుచేసి 1924లో అచ్చువేయించింది. అప్పటికి ఆమెకు 21 ఏళ్లు. కంప్యూటర్ లేదు, క్యాలిక్యులేటర్ లేదు. పెన్సిలు, కాగితం, లాగరిథమ్ పుస్తకం. నేను ఆ వయసులో సెమిస్టర్ బ్యాక్‌లాగ్స్ రాసుకుంటున్నాను.

1927లో థామస్ లాన్స్‌డేల్‌ను పెళ్లి చేసుకుని లీడ్స్ వెళ్లింది. ఇక పరిశోధన చాలించి మంచి ఇల్లాలిగా ఉందామనుకుంది. భర్త ఒప్పుకోలేదు. జీతంలేని పనిమనిషి కోసం పెళ్లి చేసుకోలేదని తెగేసి చెప్పాడు. సాయంత్రాలు వంటింటి బల్లమీద ఆయన తన పరిశోధన, ఆమె తన లెక్కలు. వంట తేలిగ్గా తెమిలేదే చేసుకునేవారు.

ఇక్కడ కాస్త ఆగాలి. మా ఆవిడ ఎం.ఎస్సీ ఫిజిక్సు. పెళ్లయిన కొత్తలో ఆమెకు పరిశోధనలో చేరమని పిలుపు వచ్చింది. అప్పుడే నాకు బదిలీ అయింది. ఇల్లెవరు చూస్తారని నేను అడిగాను, అంతే. రెండోసారి ఆ మాట ఇంట్లో రాలేదు. ఇరవై ఎనిమిదేళ్లు ట్యూషన్లు చెప్పింది. థామస్ లాన్స్‌డేల్ మాట చదివిన రోజు నేను పుస్తకం మూసేసి కాసేపు బాల్కనీలో నిలబడ్డాను.

లీడ్స్‌లోనే ఆమె చేసిన అతి పెద్ద పని జరిగింది. బెంజీన్ మనందరికీ తెలుసు. ఆరు కార్బన్లతో షడ్భుజి, ఇంటర్మీడియట్ కెమిస్ట్రీ నోట్సు నిండా గీసుకున్నాం. ఆ వలయం ఊహ 1865 నాటిది. కానీ ఆ ఆరు కార్బన్లు ఒకే తలంలో చదునుగా ఉన్నాయా, వజ్రంలోలాగ పైకీ కిందకీ వంగి ఉన్నాయా అన్నది అరవై ఏళ్లు దాటినా తేలలేదు. ఆమె గురువు బ్రాగ్ వంగి ఉంటుందనే తన పని నడిపించాడు. అక్కడి కెమిస్ట్రీ ప్రొఫెసర్ ఇంగోల్డ్ హెక్సామిథైల్‌బెంజీన్ స్ఫటికాలు ఇచ్చాడు. రాయల్ సొసైటీ ఇచ్చిన కొద్ది సొమ్ముతో పరికరం సమకూర్చుకుని, 1929లో వలయం చదునుగానే ఉందని చూపించింది. ఆరు బంధాల పొడవూ ఒకటేనని కూడా తేలింది. గురువు నమ్మకానికి అడ్డంపడే ఫలితమైనా ఆయన సంతోషించాడు. అదే ఏడాది మొదటి కాన్పు. తర్వాత 1931లో, 1934లో మరో ఇద్దరు పిల్లలు.

లండను తిరిగొచ్చాక కొంతకాలం ఇంటినుంచే లెక్కలు చేసింది. బ్రాగ్ ఊరుకోలేదు. ఇంటిపనికి మనిషిని పెట్టుకోవడానికి డబ్బు ఏర్పాటుచేసి మళ్లీ లాబొరేటరీకి రప్పించాడు. పరిశోధన గ్రాంటులో పరికరాలకు, రసాయనాలకు పద్దులు ఉంటాయి గాని, పసిపిల్లాణ్ణి చూసుకునే ఆయాకు పద్దు ఉండటం నేనింతవరకు ఎక్కడా చూడలేదు.

తీరా వచ్చాక ఆమెకు ఎక్స్ కిరణ పరికరం ఏదీ ఖాళీ లేదు. ఓ మూల పాతకాలపు పెద్ద విద్యుదయస్కాంతం మాత్రం పడి ఉంది. సరే, దాంతోనే మొదలుపెట్టింది. బెంజీన్ లాంటి స్ఫటికాలను అయస్కాంతంలో వేలాడదీసి, ఏ దిశలో ఎంత వికర్షణ ఉందో కొలిచింది. ఆ వలయంలోని కొన్ని ఎలక్ట్రాన్లు ఏదో ఒక పరమాణువును అంటిపెట్టుకోకుండా వలయమంతా తిరుగుతాయనడానికి ఆ కొలతలు గట్టి ఆధారమయ్యాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే కలకత్తాలో కె.ఎస్. కృష్ణన్, అంటే రామన్ గారితో కలిసి పనిచేసిన కృష్ణన్ గారే, ఇవే కొలతలు తీస్తున్నారు. ఇద్దరి పేర్లతో 1936లో రాయల్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. మన దేశానికీ ఆమెకూ ఉన్న ఈ బంధుత్వం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇక జైలు సంగతి. 1935లో భార్యాభర్తలిద్దరూ క్వేకర్లలో చేరారు. యుద్ధం ఏ కారణంతోనూ చేయకూడదనే క్రైస్తవ శాఖ అది. రెండో ప్రపంచ యుద్ధంలో పౌర రక్షణ విధులకు అందరూ పేరు నమోదు చేసుకోవాలని ఉత్తర్వు వచ్చింది. పద్నాలుగేళ్లలోపు పిల్లలు ముగ్గురున్న తల్లి కాబట్టి, పేరు రాయించుకుంటే చాలు, మినహాయింపు వచ్చేది. పైగా బాంబులు పడితే మంటలు కనిపెట్టే కాపలాకు ఆమె తనంతట తనే వెళుతోంది. అయినా యుద్ధం కోసం జరిగే నిర్బంధ నమోదుకు తాను తలొగ్గనంది. రెండు పౌండ్ల జరిమానా వేస్తే అదీ కట్టనంది. 1943లో ఒక నెల హాలోవే జైలు. కాగితాలు, పుస్తకాలు తెప్పించుకుని గదిలోనే లెక్కలు చేసుకుంది. బయటికొచ్చాక ఆడఖైదీల పరిస్థితుల గురించి అధికారులకు రాసింది. జీవితాంతం జైళ్ల సందర్శకురాలిగా పనిచేసింది.

ఈ ఒక్క విషయంలో నాకు ఆమెతో పేచీ ఉంది. ఎదురుగా ఉన్నది హిట్లర్. మంటలార్పే పనికి పేరు రాయించుకోవడం ఎవరినీ చంపడం కాదు. కానీ రెండు పౌండ్లతో తెమిలిపోయే దానికి ముగ్గురు పిల్లల్ని ఇంట్లో వదిలి జైలుకు వెళ్లిన మనిషిని మొండిది అని కొట్టిపారేయడానికీ మనసొప్పదు.

జైలునుంచి వచ్చిన రెండేళ్లకు, 1945లో, రాయల్ సొసైటీ ఆమెను ఫెలోగా ఎన్నుకుంది. 1660లో పుట్టిన ఆ సంస్థ స్త్రీలను తీసుకోవడం అదే మొదలు. ఆమెతోపాటు మార్జరీ స్టీఫెన్‌సన్ అనే బయోకెమిస్టును కూడా తీసుకున్నారు. 1902లో హెర్తా ఏర్టన్ పేరు ప్రతిపాదనకు వస్తే, పెళ్లయిన స్త్రీకి చట్టప్రకారం అర్హత లేదని తిప్పి పంపిన సంస్థ అది. 1949లో యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ప్రొఫెసర్ అయింది. సొంత కుర్చీ, సొంత విభాగం నలభై ఆరేళ్లకు గాని దక్కలేదు. 1956లో డేమ్ బిరుదు అందుకోవడానికి రాజభవనానికి వెళ్లేటప్పుడు టోపీ కొనలేదు. లేసుముక్క, రంగు అట్ట, తొమ్మిది పెన్నీల రిబ్బను పెట్టి ఇంట్లోనే కుట్టుకుంది.

ఇంకోపక్క ఆ పట్టికల పని సాగుతూనే ఉంది. కొత్త సంపుటాలు 1952, 1959, 1962లలో వచ్చాయి. ఇలాంటి పనికి నోబెళ్లు రావు. కానీ ట్రాంబేలో ధ్రువ రియాక్టర్ దగ్గర న్యూట్రాన్లతో చూసేవాళ్లకైనా, ఇండోర్‌లో ఎక్స్ కిరణాలతో చూసేవాళ్లకైనా అవే 230 ముగ్గులు. ఎక్స్ కిరణం ఎలక్ట్రాన్లను చూస్తుంది, న్యూట్రాన్ కేంద్రకాన్ని చూస్తుంది. ఎక్స్ కిరణాలకు లీలగా కనిపించే హైడ్రోజన్ న్యూట్రాన్లకు చక్కగా దొరుకుతుంది. సాధనం ఏదైనా మొదట అడిగేది మాత్రం ఇది ఏ ముగ్గు అనే. ఇప్పుడు ఆ పట్టికలు కంప్యూటర్లోకి ఎక్కాయి కాబట్టి పుస్తకాల అట్టలు ఊడటం తగ్గింది.

స్త్రీలు సైన్సులో నిలబడాలంటే ఏం కావాలో ఆమె చివరి రోజుల్లో రాసింది. మొదటిది, సరైన భర్తను ఎంచుకోవడం. ఆ తర్వాత నిద్ర తగ్గించుకోవడం, వారం మొత్తం పని చేయడానికి సిద్ధపడటం లాంటివి. ఈ జాబితా నాకు పూర్తిగా నచ్చలేదు, ఎందుకంటే భారమంతా మళ్లీ ఆడవాళ్ల మీదే ఉంది. మా ఆవిడకు చూపిస్తే, మొదటిదాని దగ్గరే ఆగి నావైపు చూసి ఊరుకుంది. నిరుడు ఆమె స్ఫటిక శాస్త్రం మీద ఓ ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేసింది. వయసు యాభై మూడు. ఇంటిపని ఎవరు చూస్తున్నారంటే, వంట నాది, బాగా లేదని మాత్రం ఇంట్లో అందరూ అంటున్నారు.

1967లో అరిజోనాలో పడిన ఉల్కలో ఒక కొత్త రకం వజ్రం దొరికింది. మామూలు వజ్రంలో లేని షడ్భుజి పొందిక దాంట్లో ఉంది. జీవితంలో చాలాకాలం వజ్రాల మీద పనిచేసిన ఆమె పేరుతో దానికి లాన్స్‌డేలైట్ అని పెట్టారు. ఆ కబురు తెలిసి ఆమె జవాబు రాసింది. తన పేరు దానికి సరిపోయిందట, ఎందుకంటే అది దొరికేది చాలా కొద్దిగా, అదీ అంతా కలగాపులగంగా. అప్పటికి ఆమె అంతర్జాతీయ స్ఫటిక శాస్త్ర సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలు అయి ఏడాది. 1971 ఏప్రిల్ 1న క్యాన్సర్‌తో లండన్‌లో కన్నుమూసింది.