గోదావరి లోయలో హైమన్‌డార్ఫ్

ఇల్లందు నుండి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్ళే దారి మీకు తెలిసినదే. భద్రాచలం దాటి దిగువకు పోతే గోదావరి పాపికొండల నడుమ ఇరుకు లోయలో ప్రవహిస్తుంది. 1941లో ఆ లోయలోకి ఒక విదేశీయుడు వెళ్ళాడు. ఆయన పేరు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్.

ఆయన 1909లో వియన్నాలో జన్మించారు. గిరిజనుల జీవితాలను అధ్యయనం చేయడానికి 1939లో భార్య బెట్టీతో మన దేశానికి వచ్చారు. అంతలో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిషువారి దృష్టిలో ఆయన శత్రుదేశస్థుడు. అందుచేత నిజాం రాజ్యం దాటి వెళ్ళే వీలు లేకపోయింది. మరొకరైతే దిగులుతో కూర్చునేవారేమో! ఆయన మాత్రం నల్లమల చెంచుల వద్దకు, తరువాత గోదావరి ఒడ్డున కొండరెడ్ల వద్దకు వెళ్ళారు.

అక్కడ ఆయన చూసినదేమిటి? పోడు చేసుకొని బ్రతికే జనం కలప, వెదురు వ్యాపారుల అప్పుల్లో చిక్కి, తమ అడవిలోనే కూలీలయ్యారు. ఆయన ఈ సంగతులను గ్రంథాలలో వ్రాసి ఊరుకోలేదు, ప్రభుత్వానికి నివేదికలు కూడా సమర్పించారు. నిజాం ప్రభుత్వం ఆయనను గిరిజన వ్యవహారాల సలహాదారుగా నియమించింది. ఆదిలాబాద్ గోండులకు భూమి పట్టాలు ఇప్పించడానికి కృషి చేశారు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ప్రారంభమైంది.

బెట్టీ 1987లోనూ, ఆయన 1995లోనూ మరణించారు. ఆయన అస్థికలు 2012లో మార్లవాయికి చేరి, భార్య సమాధి ప్రక్కనే స్థానం పొందాయి.

అమెరికాలో నవాహో ప్రజల నేల అంచున ఉన్న గ్లెన్ కాన్యన్ లోయను 1963 నుండి ఆనకట్ట నీరు కమ్మివేసింది. కొండరెడ్ల కొయిద, కాకిస్‌నూరు గ్రామాలది కూడా అదే కథ. పోలవరం ముంపు కారణంగా ఆ మండలం 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది.

మీరు కుటుంబంతో పాపికొండలకు పడవలో వెళ్ళినప్పుడు కొండల అందం తప్పక చూడండి. దానితోపాటు, ఆ ఒడ్డున ఎవరు బ్రతికారో, ఇప్పుడు ఎక్కడున్నారో మీ పిల్లలకు చెప్పండి. హైమన్‌డార్ఫ్ దేశం కాని దేశంలో చేసిన పని అదే: వారి వద్దకు వెళ్ళారు, వారి మాట విన్నారు, విన్నది అధికారుల చెవిన వేశారు. మన పొరుగునే ఉన్న కోయల కోసం, కొండరెడ్ల కోసం మనం ఆ మాత్రం చేయలేమా?